దొరబాబు కూత ముద్ర

పెరటి పక్షుల శాఖకు ఒకనాడు పెద్ద అనుమానం వచ్చింది. ఆసుపత్రికొచ్చి మందు తాగి వెళ్తున్న కోడిపుంజూ, పుస్తకంలో రాసుకున్న కోడిపుంజూ ఒకటేనా? ఎవరి పుంజు పేరు చెప్పి ఎవరి పుంజు మందు తాగిపోతోందో ఎవరు చూడొచ్చారు? ఈ ఆలోచన రాగానే శాఖలో చాలామందికి అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ రాష్ట్రంలోని కోళ్లన్నీ తాము ఫలానా అనడానికి ఏ రుజువూ లేకుండా బతికేస్తున్నాయని గ్రహించి నివ్వెరపోయారు.

మనుషులకైతే వేలిముద్రలున్నాయి. కోడికీ వేళ్లున్నాయి కదా అని మొదట కాలివేళ్ల ముద్రలు వేయించి చూశారు. పుంజులు గాజుపలకలను గీకి పాడుచేశాయి. తరువాత కంటిపాప ముద్ర అన్నారు. కోడి ఎప్పుడూ ఒక కన్నే చూపిస్తుంది, రెండోది చూపించమంటే మొదటిది తిప్పేసుకుంటుంది. చివరికి ఒక మేధావికి తట్టింది, ఏ రెండు పుంజులూ ఒకేలా కూయవని. వెంటనే కమిటీ కూర్చుంది, కమిటీ లేవకముందే యంత్రాలు వచ్చేశాయి. ఉత్తర్వుల్లో దాని పేరు 'స్వరాధారిత పెరటి పక్షి గుర్తింపు వ్యవస్థ'. అంత పేరు పలికే ఓపిక లేని జనం దాన్ని కూత ముద్ర అన్నారు.

రూలు చాలా సులువు. ప్రతి పుంజూ శిబిరానికొచ్చి యంత్రం ముందు ఒకసారి కూయాలి. యంత్రం ఆ గొంతు దాచుకుని ఒక నంబరు ఇస్తుంది. ఆపైన ఎప్పుడు మందు కావలసినా పుంజు వచ్చి కూస్తే చాలు, గొంతు కలిస్తే ఆసుపత్రిలోని మందుల బీరువా దానంతటదే తెరుచుకుంటుంది. బయట షాపులో కొనాలన్నా యంత్రం ఇచ్చే చీటీ ఉండాల్సిందే. పెట్టలు కూయవు కాబట్టి వాటిని ఏదో ఒక పుంజు కింద ఆశ్రితులుగా రాసుకున్నారు. పెట్టలు దీనికి అభ్యంతరం చెప్పలేదని శాఖ తన నివేదికలో సంతోషం ప్రకటించింది.

గెడ్డపాలెంలో శిబిరం పెట్టినప్పుడు అందరికంటే బాగా కూసింది దొరబాబు. అది అప్పలనరసమ్మ పుంజు. అప్పలనరసమ్మ తన ఇంటి అరుగుమీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఎర్ర ఈకలు, నల్ల తోక, ఎవరి పెరట్లోనైనా సొంత పెరట్లో తిరిగినట్టు తిరిగే నడక చూసి వీధివాళ్లే దానికి ఆ పేరు పెట్టారు. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమెకంటే ముందు లేచి ఆమెను లేపే ప్రాణి అదొక్కటే. అది కూశాకే ఆమె పొయ్యి వెలిగిస్తుంది. గోడ గడియారం ఉందిగానీ దానిమీద ఆమెకు నమ్మకం లేదు. దొరబాబంటే మాత్రం ఆమెకు ప్రాణం, ఆ సంగతి దొరబాబుకు కూడా తెలుసు.

అలాంటి దొరబాబు ఒకరోజు కూయలేదు. అప్పలనరసమ్మ లేచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది. పెరట్లోకి పరిగెత్తి చూస్తే పుంజు గంప పక్కన మెడ ముడుచుకుని కూర్చుంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ముక్కు కారుతోంది. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగురమంటోంది. ఆమెను చూసి అలవాటు కొద్దీ మెడ సాచింది, నోరు తెరిచింది, కూత రాలేదు. అప్పలనరసమ్మ ఆ పూట ఇడ్లీలు మానేసి, పుంజును గంపలో పెట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

అక్కడి డాక్టరు ప్రహ్లాదరావు కుర్రవాడు, మంచివాడు, చదువు వంటబట్టినవాడు. గంపలోంచి తుమ్ము వినపడగానే తల ఎత్తాడు.

"కోళ్ల జలుబమ్మా. బాగా ముదిరింది. మొహం వాపు చూశారా? మందు నీళ్లలో కలిపి తాగిస్తే నాలుగైదు రోజుల్లో తేరుకుంటుంది," అన్నాడు.

"మరి ఇచ్చీండి బావూ," అంది అప్పలనరసమ్మ, పెద్ద బరువు దిగినట్టు.

డాక్టరు మొహం మాడింది. "మందు ఆ బీరువాలోనే ఉంది. కానీ దొరబాబు గారు కూయాలి."

అప్పలనరసమ్మ అద్దాల బీరువా వైపు చూసింది. మందు సీసాలు వరసగా కనపడుతున్నాయి. బీరువా పక్కన యంత్రం, దాని ముందు రోగి నిలబడడానికి ఒక ఇనుప పలక. పుంజును పలకమీద నిలబెట్టారు. "దయచేసి కూయండి," అంది యంత్రం ఆడగొంతుతో, మర్యాదగా. దొరబాబుకు ఉన్న మర్యాద కూడా తక్కువది కాదు. మెడ సాచి, రెక్కలు కొట్టి, ఒంట్లో ఉన్న శక్తంతా కూడదీసుకుంది. పాత తలుపు తెరిచినట్టు చిన్న చప్పుడు వచ్చింది.

"గొంతు సరిపోలలేదు. మీరు దొరబాబు కారు," అంది యంత్రం.

"అలగంటాదేటి బావూ? అదే దొరబాబు. శిబిరంలో తమరే కదా రాసుకున్నారు."

"నాకు తెలుసమ్మా. యంత్రానికి తెలియాలి."

"గొంతు పోయిందనే కదా ఒట్టుకొచ్చినాను. కుయ్యగల్గితే నానెందుకొస్తాను?"

"ఇదే ప్రశ్న నేను పై ఆఫీసుకు రాశాను. మీ ప్రశ్న అందినది అని జవాబొచ్చింది," అన్నాడు డాక్టరు. "మీరొక్కరే కాదు. గొంతు బాగున్న పుంజులన్నిటికీ మందు దొరుకుతోంది. వాటికి మందు అవసరం లేదు. అవసరం ఉన్నవి కూయలేక తిరిగి వెళ్తున్నాయి. పథకం మొదలెట్టాక మందుల వాడకం బాగా తగ్గిందని పైవాళ్లు మెచ్చుకున్నారు."

ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. మూడోసారి కూడా తప్పేసరికి, వేరే పుంజు పేరుతో మందు కాజేయడం నేరమని యంత్రం దొరబాబును హెచ్చరించింది. డాక్టరు ఆ పుంజు కన్నూ ముక్కూ గోరువెచ్చటి ఉప్పునీళ్లతో తనే తుడిచాడు. పెట్టలకు దూరంగా, పొడిగా ఉన్న చోట ఉంచమన్నాడు. "ఇది ఊరట మాత్రమే. మందు పడకపోతే మటుకు కష్టం," అని గొంతు తగ్గించి చెప్పాడు. అప్పలనరసమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. దారి పొడుగునా గంపమీద చెయ్యి వేసుకునే నడిచింది.

మర్నాడు ఆమె జిల్లా ఆఫీసుకు బస్సెక్కింది. పెరటి పక్షుల శాఖ జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు విశాలమైన మనిషి, ఆయన బల్ల ఆయనకంటే విశాలమైనది. ఆమె చెప్పినదంతా కళ్లు మూసుకుని విన్నారు.

"సదరు పక్షి సహకరించడం లేదన్నమాట," అన్నారు.

"సహకరిస్తన్నాది బావూ. గొంతే రాట్లేదు."

"వ్యవస్థ దృష్టిలో రెండూ ఒకటేనమ్మా. అయినా శాఖ మానవతా దృక్పథంతో పనిచేస్తుంది, మార్గాలు లేకపోలేదు. కూయలేకపోతున్నట్టు డాక్టరు ధ్రువపత్రం తెచ్చుకుంటే మినహాయింపు ఇవ్వవచ్చును."

"ఆ పత్రం డాక్టరుబాబుని అడుగుతాను."

"అడగండి. ధ్రువపత్రం ఇవ్వడానికి ముందు ఆ పక్షి అదేనని కూత ద్వారా నిర్ధారించుకుంటారు."

అప్పలనరసమ్మ కాసేపు ఆలోచించింది. "కూతే ఉంటే ఈ పత్రమెందుకు బావూ?"

"అదీ నిజమే," అన్నారు పరాంకుశం గారు, కొత్త విషయం తెలిసినందుకు కొంచెం ఆనందిస్తూ. "అయితే రెండో మార్గం. నిర్వచనం ప్రకారం కూసేది పుంజు. కూయనిది పెట్ట. మీ దొరబాబును పెట్టగా మార్పు నమోదు చేయించి, ఇంకో పుంజు కింద ఆశ్రితురాలిగా చేర్చవచ్చును. కూత అక్కర్లేదు."

"అలగే సేసీండి బావూ. అది బతికితే సాలు."

"సంతోషం. ఒక గుడ్డు చూపించాలి."

"ఏ గుడ్డు?"

"సదరు పక్షి పెట్టిన గుడ్డు. పెట్ట అనడానికి రుజువుండాలి కదా. ఎవరి గుడ్డో తెచ్చి చూపిస్తే కుదరదు, అధికారి సమక్షంలో పెట్టవలసి ఉంటుంది."

ఆమె దండం పెట్టి లేచింది. ఆ దండంలో గౌరవం ఎంతుందో ఆమెకే తెలియాలి. ఆమె వెళ్లాక ఆయన ఒక ఫిర్యాదును రెండు మార్గాల్లో పరిష్కరించినట్టు రాసుకున్నారు.

సాయంత్రానికి దొరబాబు నూకలు ముట్టుకోవడం మానేసింది. అప్పలనరసమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, చెంచాతో నీళ్లు పడుతూ అరుగుమీద కూర్చుంది. అప్పుడే ఇడ్లీల కోసం తవిటినాయుడు వచ్చాడు. అతను బుర్రకథ దళంలో హాస్యం చెప్పే వంత. కథలో గుర్రం వస్తే గుర్రం, కుక్క వస్తే కుక్క, అత్తగారు వస్తే అత్తగారు, అన్ని గొంతులూ అతనివే. బొద్దుగా ఉంటాడు, నవ్వు మొహం. విషయం విని ఆ నవ్వు కాస్తా మాయమైంది.

"దొరబాబు కూతా? రోజూ నా సెవిలో కూసే కూతే కదా అప్పా. తెల్లారగట్ల నన్ను నిద్దర లేపి సంపీసిందదే." ఇలా అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక కూత కూశాడు. ఒళ్లోని దొరబాబు వాచిన కన్ను బలవంతాన తెరిచింది. వీధి చివరి పుంజొకటి జవాబు కూడా ఇచ్చింది.

అప్పలనరసమ్మ లేచి నిలబడింది. "నడు," అంది.

ఆసుపత్రి మూసే వేళయింది. డాక్టరు వాళ్లిద్దరినీ, గంపనూ చూశాడు, వాళ్లు చెప్పింది విన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం వైపు చూస్తూ, "నేను మబ్బులు చూస్తున్నాను. నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదు," అన్నాడు.

తవిటినాయుడు పలకమీద ఎక్కి నిలబడ్డాడు. కండువా సర్దుకున్నాడు. రెండు చేతులూ రెక్కల్లా కొట్టుకున్నాడు, అది యంత్రానికి అవసరం లేదు, అతనికి అవసరం. కూశాడు.

"స్వాగతం దొరబాబు," అంది యంత్రం. "మీ బరువు డెబ్బై కిలోలు. మోతాదు లెక్కిస్తున్నాము."

బీరువా తలుపు తెరుచుకుంది. డెబ్బై కిలోల కోడిపుంజుకు సరిపడా మందు సీసాలు ఒకదాని తరవాత ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. డాక్టరు మబ్బులు చూడడం మాని వాటిని పట్టుకోవడానికి పరిగెత్తాడు. అందులోంచి దొరబాబుకు కావలసింది కొలిచి నీళ్లలో కలిపి తాగించాడు. మిగిలినదాన్ని వృథా చేయలేదు. ఊళ్లో గొంతు పోయిన పుంజులన్నిటినీ గంపలతో రమ్మని కబురు చేశాడు.

కొన్నాళ్లకు ఒక వేకువన పెరట్లోంచి కూత వినపడింది. కొంచెం బొంగురుగా ఉంది, చివర విరిగింది, కానీ అది దొరబాబే. అప్పలనరసమ్మ పక్కమీదే లేచి కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు వీధిలో అందరికీ ఇడ్లీలు ఊరికే పెట్టింది.

కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేదే. కానీ గెడ్డపాలెంలో డెబ్బై కిలోల కోడిపుంజు ఉన్నదన్న సమాచారం యంత్రంలోంచి పైకి వెళ్లింది. పైన దాన్ని చూసి ఎవరూ కంగారుపడలేదు. పొంగిపోయారు. పథకం వల్ల పుంజుల బరువు ఎన్నో రెట్లు పెరిగిందని రాజధానిలో ఒక ప్రకటన వెలువడింది. సదరు పుంజును సన్మానించి రావలసిందిగా పరాంకుశం గారికి ఉత్తర్వులొచ్చాయి.

ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. 'ఆదర్శ పెరటి పుంజు దొరబాబు గారికి స్వాగతం' అని గుడ్డ కట్టారు. పుంజు కొలతకు తగ్గట్టు పూలదండ వచ్చింది. వేదిక మీద బల్ల, బల్లమీద పెద్దల కోసం వేయించిన జీడిపప్పు పళ్లెం. పరాంకుశం గారు యంత్రాన్ని వేదిక మీదకు ఎక్కించి, "మాటలెందుకు, వ్యవస్థే చెబుతుంది. దొరబాబును ప్రవేశపెట్టండి," అన్నారు.

డాక్టరు అప్పలనరసమ్మ వైపు చూశాడు, ఆమె తవిటినాయుడి వైపు చూసింది. నిజం చెబితే డాక్టరు ఉద్యోగం పోతుంది. తవిటినాయుడు లేచి, ఉతికిన కండువాతో వేదికెక్కి, పలకమీద నిలబడి కూశాడు.

"స్వాగతం దొరబాబు," అంది యంత్రం.

ఆఫీసు సూపరింటెండెంటు ముందుకు వంగి, "సార్, కొంచెం మనిషి పోలికలున్నట్టున్నాయి," అని గొణిగాడు.

పరాంకుశం గారు తవిటినాయుణ్ని చూశారు, యంత్రాన్ని చూశారు. రాజధాని ప్రకటన గుర్తు తెచ్చుకున్నారు. "పోలికలు వ్యక్తిగత అభిప్రాయాలు. ముద్ర ముద్రే. మెరుగైన పోషణ వల్ల జాతిలో ఇటువంటి వికాసం రావడం సహజం," అని పూలదండ తవిటినాయుడి మెడలో వేశారు. తవిటినాయుడికి జన్మలో అంత పెద్ద దండ ఎప్పుడూ పడలేదు. ఆనందం పట్టలేక, ఎవరూ అడక్కుండానే ఇంకోసారి కూశాడు.

ఆ కూతే కొంప ముంచింది. ఇంటి దగ్గర ఒంటరిగా వదల్లేక అప్పలనరసమ్మ తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకున్న గంపలో ఉన్న అసలు దొరబాబు అది విన్నది. తన పేటలో తన గొంతుతో ఇంకొకడు కూస్తుంటే ఏ పుంజు ఊరుకుంటుంది? గంప తోసేసి, వేదిక పక్క గోడమీదికి ఎగిరి, కొత్తగా తిరిగొచ్చిన బొంగురు గొంతుతో ఊరంతా దద్దరిల్లేలా కూసింది.

"గుర్తు తెలియని పక్షి," అంది యంత్రం. "గొంతు ఎవరితోనూ సరిపోలలేదు."

పరాంకుశం గారి మొహం ఎర్రబడింది. "నకిలీ పుంజు. అదీ సన్మాన సభలో. నిబంధన ప్రకారం దాన్ని స్వాధీనం చేసుకుని శాఖాపరంగా పరిష్కరించండి."

శాఖాపరమైన పరిష్కారం గెస్టుహౌసు వంటింట్లో జరుగుతుందని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అటెండరు దొరబాబును పట్టి తెచ్చాడు. అప్పలనరసమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి అతని చేతులు పట్టుకుంది.

"ఇది నా పుంజు. దీనికి మందిమ్మంటే నువ్వు నువ్వు కాదన్నారు. సావబోతే ఎవులికీ అక్కర్లేకపోనాది. ఇప్పుడు కూస్తన్నాదని ఒట్టుకుపోతారా?" ఆమె పట్టు బిగించింది. "దీన్ని కొయ్యాలంటే నన్ను దాటి ఎల్లాలి."

"భావోద్వేగాలకు నిబంధనల్లో చోటు లేదమ్మా. స్వాధీన పత్రం రాయండి," అన్నారు పరాంకుశం గారు.

డాక్టరు ప్రహ్లాదరావు అంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. ఇప్పుడు ఎత్తాడు. కాగితం తీసుకుని, ఆయన ముందుకొచ్చి, ఆయన భాషలోనే మాట్లాడాడు.

"సార్, స్వాధీన పత్రంలో పక్షి నంబరు నింపవలసి ఉంటుంది. సదరు పక్షికి నంబరు లేదు."

"లేకపోతే నమోదు చేయండి."

"నమోదు చేస్తే గుర్తింపు వస్తుంది సార్. గుర్తింపున్న పక్షిని నకిలీ అనలేము. గుర్తింపు లేకపోతే వ్యవస్థ దృష్టిలో అసలు పక్షే లేదు. లేని పక్షిని స్వాధీనం చేసుకున్నట్టు తమరు సంతకం పెడితే, రేపు ఆడిట్‌వాళ్లు ఆ పక్షి ఏదీ అని తమరినే అడుగుతారు."

ఆడిట్ అన్న మాట విని పరాంకుశం గారు కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి తెరిచారు. తెరిచినప్పుడు ఆ కళ్లు దొరబాబుకు కొంచెం పైనుంచి చూస్తున్నాయి.

"సభా ప్రాంగణంలో ఏ ఇతర పక్షీ లేదని రాయండి," అన్నారు. రాశారు. సంతకం పెట్టారు. లేని పక్షిని పట్టుకుని నిలబడడం ఉద్యోగానికి మంచిది కాదని అటెండరు చేతులు వదిలేశాడు.

దొరబాబు రెక్కలు దులుపుకుని బల్లమీదికి ఎగిరింది. జబ్బునుంచి లేచిన ఆకలి ఇంకా తీరలేదు. పరాంకుశం గారి ముందున్న పళ్లెంలో జీడిపప్పు ఒక్కొక్కటే ఏరుకుని తినసాగింది. ఆయన ఉపన్యాసం కొనసాగించారు. అదిలించడానికి చెయ్యి సగం లేచింది, లేనిదాన్ని ఎలా అదిలించాలో తెలియక మళ్లీ దిగింది. వేదికమీది మిగతా అధికారులు కూడా శ్రద్ధగా షామియానా కప్పు చూస్తూ కూర్చున్నారు.

అప్పలనరసమ్మ కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"బావూ, బల్లమీదున్నదాన్ని ఇంటికి తీసుకుపోమంటారా?"

"బల్లమీద ఏముందమ్మా?" అన్నారు పరాంకుశం గారు, దొరబాబు తోక ముక్కుకు తగులుతుండగా.

"ఏటీ లేదు బావూ."

"అయితే తీసుకువెళ్లండి."

ఆమె తొందరపడలేదు. దొరబాబు ఆఖరి జీడిపప్పు మింగేదాకా ఆగి, దాన్ని చంకలో పెట్టుకుని, వేదిక దిగి, అందరి ముందునుంచీ నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.